నా దస్తూరిలో

ఆశ్రిత నోట్సు పోయిన రోజు నేను వేరుశెనగ విత్తనం ఒలుస్తున్నాను. జూన్ మొదటి శనివారం అది. ముందు రోజు సాయంత్రం కణేకల్ నుంచి మా ఊరి దాకా గట్టి వాన పడింది. మెట్ట చేలున్న మా వైపు అలాంటి వాన పడిన మర్నాడు ఏ ఇంట్లోనూ వేరే పని ఉండదు. వరండాలో గోనెపట్టాలు పరిచి కాయలు కుప్ప పోశారు. ఐదుగురు ఆడకూలీలు వచ్చి కూర్చున్నారు. ఆరో మనిషిని నేను. ఆ ఐదుగురికీ కూలి ఉంది. నాకు వాళ్లందరికీ మధ్యాహ్నం సంగటి కెలికే పని ఉంది.

అసలు ఆ పూట నేనూ మా అమ్మాయీ బళ్లారి బస్సులో ఉండాల్సింది. పొద్దున్నే ఆశ్రితకు జడ వేస్తుంటే మా ఆయన రాజేంద్ర గడపలో నిలబడి, "వాన పడ్డాది. రేపే విత్తనం వేయల్ల. బళ్లారి యాడికీ పోదు, వచ్చే వారం గూడా ఆడనే ఉంటాది" అన్నాడు. ఆశ్రిత అద్దంలో నా వైపు చూసింది. నేను జడ పూర్తి చేసి, రబ్బరు బ్యాండు వేసి, "ఒక్క వారమే కదా" అన్నాను. ఆ మాట ఆయన అనలేదు. నేనే అన్నాను.

ఆశ్రిత మాకు ఒక్కతే బిడ్డ. పదహారేళ్లు. పదో తరగతి అయ్యాక హాస్టలున్న కాలేజీలో ఇంటర్‌లో చేర్చాం. దసరా సెలవులకు వచ్చిన పిల్ల మళ్లీ పోలేదు. నిద్ర లేదు, తిండి లేదు, తల దువ్వుకోవడం మానేసింది. పుస్తకం ముందు కూర్చుంటే గంటకు ఒక పేజీ తిరిగేది కాదు. మా ఆయన దానికి పొగరని పేరు పెట్టాడు. మా అత్త సుబ్బలక్ష్మమ్మ గాలి సోకిందని చెప్పి రెండు ఊర్లు తిప్పి తాయెత్తులు కట్టించింది. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పర్యాయపదాలు చెబుతున్న తెలుగు టీచర్ని నేను. నాకు ఏ పేరూ దొరకలేదు. చివరికి మార్చిలో ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ ఆ పేరు చెప్పింది. డిప్రెషన్. ఇది జబ్బు, ఈ వయసు పిల్లలకు దీనికి మంచి వైద్యం ఉంది అని, బళ్లారిలో సైకాలజిస్టు చంద్రిక మేడం పేరు చీటీ మీద రాసి ఇచ్చింది.

పద్నాలుగు వారాలు, వారానికి ఒక గంట. పిల్ల ఒక్కతే లోపలికి పోవాలి, తల్లి బయట బెంచీ మీద కూర్చోవాలి. లోపల మాట్లాడింది బయటికి రాదు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం తల్లిదండ్రులకు చెబుతారు, ఆ సంగతి మొదటి రోజే పిల్లతో కూడా చెప్పారు. ఇది ఊరికే ఓదార్చడం కాదని, వేలమంది పిల్లల మీద పని చేస్తుందో లేదో చూసి నిలబెట్టిన పద్ధతి అని చంద్రిక మేడం నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆయన నవ్వాడు. "నోటి మాటకి దుడ్లా? ఆ మాటలేవో నేను ఊరికే చెప్తా గదా" అన్నాడు. మా అత్త, తల్లిని బయట కూచోబెట్టి తలుపేసుకొని ఆయమ్మ బిడ్డకు ఏం నేర్పిస్తాందో అంది. నిజం చెప్పాలంటే, ఆ మూసిన తలుపు చూస్తే నాకూ కడుపు మండేది. కన్నది నేను, చెప్పుకునేది ఆమెకా అనిపించేది. ఆ మంటను ఆశ్రిత మీద ఎప్పుడూ చూపలేదని అనుకునేదాన్ని.

వారం వారం లోపలికి పోగానే ఒక కాగితం ఇచ్చేవాళ్లు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, బతకడం మీద విరక్తి కలుగుతోందా, ఇలాంటివి. మొదటి వారం ఆశ్రితకు ఇరవై వచ్చాయి. నాలుగో వారం బయటికి వచ్చి, "పదిహేనుకు దిగినా మా. ఈడ మార్కులు తగ్గితేనే పాస్" అంది. ఎనిమిది నెలల తర్వాత మా అమ్మాయి వేసిన మొదటి జోక్ అది. ఆరో వారం పదకొండు. ఆ రోజు బస్టాండులో మిరపకాయ బజ్జీలు అడిగి తినింది. కాగితం మీద అంకెలు దిగడం నా కళ్లతో చూశాను. తగ్గుతున్న జబ్బు అది.

ఇంటి దగ్గర రాయడానికి ఒక నోట్సు ఇచ్చారు. పేజీకి నాలుగు గళ్లు. ఏం జరిగింది, మనసులో ఏం అనుకున్నావు, అది నిజమనడానికి సాక్ష్యం ఏమిటి, నిజం కాదనడానికి సాక్ష్యం ఏమిటి. మనసు చెప్పేదంతా నిజం కాదని, దాన్ని కూడా సాక్ష్యం అడగాలని పిల్లకు నేర్పడం. మూడో వారంలో ఒక సాయంత్రం నేను ఎనిమిదో తరగతి సంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆశ్రిత వచ్చి, ఏమీ మాట్లాడకుండా నోట్సు తెరిచి నా పేపర్ల కట్ట మీద పెట్టింది. అడగకుండా చూపించింది. అదెంత పెద్ద సంగతో నాకు తెలిసి ఉండాల్సింది. మొదటి గడిలో ఏముందో చదివేలోపే నా చెయ్యి మూడో గడికి పోయింది. "సాక్షం" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పైన "సాక్ష్యం" అని రాశాను.

"ఇది గూడా దిద్దినావా మా?" అంది.

నోట్సు తీసుకుని పోయింది. తర్వాతి శనివారం చంద్రిక మేడం నన్ను పది నిమిషాలు లోపలికి పిలిచింది. ఆశ్రిత అక్కడే ఉంది. మేడం కోప్పడలేదు. ఈ నోట్సులో తప్పులు ఉండవు మేడం, అంది. తర్వాత నాకూ ఒక హోంవర్కు ఇచ్చింది. పాప ఏమైనా చెప్పబోతే నేను ఒక్క మాటే అనాలి. "చెప్పు". అంతే. సలహా వద్దు, దిద్దుబాటు వద్దు. మూడు వారాలు నేను ఆ హోంవర్కు చేశాను. ఆ మూడు వారాల్లో మా అమ్మాయి నాతో మాట్లాడినంత అంతకుముందు మూడేళ్లలో మాట్లాడలేదు.

నేను దిద్దేది బడి పేపర్లు మాత్రమే కాదు. ఆ ఇంట్లో రాతపని మొత్తం నాదే. పంటల బీమా కాగితం, కరెంటు మీటరుకు అర్జీ, మా మామ పోయినప్పుడు దినాల కార్డు, ఆడబిడ్డ కొడుక్కి ఉద్యోగం దరఖాస్తు. "టీచరమ్మ దస్తూరి ముత్యాలు" అంటారు. బడిలో హెడ్మాస్టరు ఓబుళేసు సారు కూడా అదే మాట అని రిజిస్టర్లన్నీ నా టేబుల్ మీద పెట్టిస్తాడు. వంట చేస్తే ఎవరూ ఏమీ అనరు, రాస్తే మెచ్చుకుంటారు. రెండూ ఊరికే చేయించుకునేవే. మెచ్చుకోలు ఉంది కదా అని ఆ రెండోదాన్ని నేను చాలా ఏళ్లు గౌరవం అనుకున్నాను.

విత్తనం ఒలిచే ఆ శనివారం పదకొండు గంటలప్పుడు మా అత్త లోపలి నుంచి నోట్సు పట్టుకుని వచ్చింది. పక్క దులుపుతుంటే దిండు కింద దొరికిందట. ఆమెకు చదువు రాదు. కొడుకు చేతికిచ్చి, ఆ బళ్లారామె ఏం రాపిచ్చిందో చదువప్పా అంది. అది చదివేది కాదు, ఇచ్చేయండి, అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. ఆయన స్తంభానికి ఆనుకుని, పేపరు చదివినట్టు పైకి చదివాడు.

"నేను ఈ ఇంటికి బరువు. సాక్ష్యం, నాయన ఫోన్లో ఎవురితోనో అన్యాడు, ఆడపిల్లని సదివిచ్చి తప్పు చేస్తి అని."

ఆగి, చుట్టూ చూసి నవ్వాడు. "కన్న తండ్రి మీదనే సాక్ష్యాలు రాసి పెట్టుకుంటాందే ఇది. రేపు నన్ను కోర్టులో నిలబెడతాదేమో."

ఇంటాయన నవ్వాడు కాబట్టి కూలీలూ కాస్త నవ్వారు. పేజీ తిప్పాడు. ఎర్ర సిరా కనపడింది. నోట్సు ఎత్తి లోపలి గుమ్మం వైపు చూపించాడు. "చూడు, మీయమ్మ దిద్దింది గూడా. అన్నీ తప్పులే రాసినావంట."

గుమ్మంలో ఆశ్రిత నిలబడి ఉంది. ఆమె తండ్రి వైపు చూడటం లేదు. నా చేతుల వైపు చూస్తోంది. నా చేతులు ఆగలేదు. కాయ నొక్కుతున్నాయి, గింజ చేటలో వేస్తున్నాయి, ఇంకో కాయ తీసుకుంటున్నాయి. ఆయన విసిరిన నోట్సు నీళ్లు కాగే పొయ్యిలోకి పోయింది. మధ్యాహ్నానికి విత్తనం సరిపోయింది. సంగటి బాగుందని కూలీలు అన్నారు.

తర్వాత చంద్రిక మేడం రెండుసార్లు ఫోన్ చేసింది. శనివారమే రానక్కర్లేదు, ఏ రోజైనా తీసుకురండి, ఇప్పుడు ఆపకూడదు అంది. నేను ఏమన్నానో మాటకు మాట గుర్తుంది. "విత్తనం అయిపోనీండి మేడం." నాకు నేనుగా బస్సెక్కగలిగిన ఉద్యోగస్తురాలిని. చేతిలో పర్సు ఉంది, కాళ్లున్నాయి. ఎవరూ నన్ను గదిలో పెట్టి తాళం వేయలేదు.

ఆ శనివారం నుంచి పన్నెండో రోజు మా అమ్మాయి తన ప్రాణం తనే తీసుకుంది. ఆ రోజు గురించి అంతకు మించి రాయను.

పోలీసు స్టేషన్ నుంచి వచ్చినాయన ఫిర్యాదు కాగితం కావాలన్నాడు. వరండాలోనే, అదే స్తంభం దగ్గర, మా ఆయన తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన కళ్లు వాచి ఉన్నాయి. ఆయన ఏడవలేదని నేను అనను. కానీ ఏడుస్తూ కూడా ఆయనకు ఊరు కనపడుతూనే ఉంది. "కడుపునొప్పి అని రాయి. ఊర్లో తలెత్తుకొని తిరగల్ల గదా. నీ దస్తూరి బాగుంటాది, నువ్వే రాయి" అన్నాడు.

రాశాను. ఆయన కడుపునొప్పి ఎక్కువై అన్నాడు. నా చెయ్యి దాన్ని "కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, నొప్పి భరించలేక" అని మార్చింది. పేపర్లో ఎన్నోసార్లు చదివిన వాక్యం అది, చేతిలో సిద్ధంగా ఉంది. పేపరు తెరిస్తే మా ఆశ్రిత ఈడు ఆడపిల్లలందరికీ ఒకే నొప్పి. ఇన్నేళ్లూ ఆ వాక్యం ఎవరు రాస్తారో నేను ఆలోచించలేదు. కింద ఇద్దరం సంతకాలు చేశాం. ఇచ్చే ముందు నేను ఒకసారి మొత్తం చదివి చూసుకున్నాను. అక్షరం తప్పు లేదు.

చంద్రిక మేడానికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఇలాంటిది ఒక్క రోజు వల్లా ఒక్క మాట వల్లా జరగదు మేడం అంది. నిజమే అయి ఉంటుంది. కానీ పని చేస్తున్న వైద్యాన్ని మధ్యలో ఆపింది ఎవరో నాకు తెలుసు. మా అత్త మాత్రం వచ్చినవాళ్లకల్లా ఒకటే చెప్పింది. బళ్లారికి పోబట్టే పిల్ల చెడిపోయిందని. కాగితంలో కడుపునొప్పి, ఊర్లో బళ్లారి. జబ్బు పేరు ఎక్కడా లేదు. పదకొండో రోజు కాగానే బడికి పోతే ఓబుళేసు సారు, ఏదో ఒక పనిలో పడితే మనసు కుదుటపడుతుంది మేడం అని అడ్మిషన్ రిజిస్టరు కాపీ చేయమన్నాడు. అది కూడా చేశాను.

నవంబరులో పదో తరగతికి యూనిట్ పరీక్ష పెట్టాను. ఈశ్వరి పేపరు ఖాళీగా వచ్చింది. ఆ రోజు విత్తనం ఒలవడానికి వచ్చిన గంగక్క కూతురు ఈశ్వరి. బాగా చదివే పిల్ల. రెండు నెలలుగా చివరి బెంచీకి పోయి కూర్చుంటోంది, అన్నం డబ్బా తెరవడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను, అడగలేదు. ఖాళీ పేపరు అడుగున ఒక్క వాక్యం ఉంది. "టీచర్, ఆశ్రితక్కకి గూడా ఇట్లే ఉండెనా, నాకు నిదర రాదు."

ఎర్ర పెన్ను నా చేతిలో ఉంది. "నిదర" దాకా పోయింది. అక్కడ ఆగింది. మూత పెట్టి, పెన్ను సొరుగులో వేశాను. బడి వదిలాక ఈశ్వరిని వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పు, అన్నాను. ఆఖరి బస్సు పోయేదాకా చెప్పింది. అది ఆమె మాట. ఇక్కడ రాయను. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగాను. ఒక్కోసారి, అంది. ఆ సాయంత్రమే ఆమెతో పాటు వాళ్లింటికి నడిచాను.

గంగక్క వాకిట్లో కూర్చుని పీకిన చెట్ల నుంచి వేరుశెనగ కాయలు తెంపుతోంది. నాకు పీట వేసింది. ఈశ్వరిని ఒంటరిగా వదలొద్దని, శనివారం బళ్లారికి పోదామని చెప్పాను. గంగక్క కాయలు తెంపుతూనే అంది.

"బళ్లారికా? వద్దు టీచరమ్మా. ఆడికి పోబట్టే మీ పాప చెడిందని మీ ఇంటి పెద్దమ్మ చెప్తాంది. మీరేమో కడుపునొప్పి అంటిరి. ఏది నిజమో మాకేం తెలుసు?"

నేను కొంచెంసేపు మాటలు వెతుక్కున్నాను. అలంకారాలు, సామెతలు, సానుభూతి మాటలు, అన్నీ వచ్చి పోయాయి. "కడుపునొప్పి కాదు గంగక్కా. మనసుకు జబ్బు. ఈశ్వరికి వచ్చినట్లే వచ్చె. బళ్లారిలో తగ్గుతా ఉండె. మేము మాన్పించినాం. విత్తనం ఒలిచేదుందని నేను మాన్పించినా. కడుపునొప్పి అని రాసిచ్చింది గూడా నేనే."

గంగక్క చేతులు ఆగాయి.

"నాకు తెలుసమ్మా" అంది. "ఆ పొద్దు నేనూ ఆడనే ఉంటి గదా. ఆయప్ప నగితే నేనూ నగితి. ఆ పాప మొగం నాకు ఇంగా కనపడతానే ఉండాది." కొంగుతో ముక్కు తుడుచుకుని, ఇంటి లోపల కూర్చున్న కూతురి వైపు చూసింది. "శనివారం ఎన్నింటికి బస్సు?"

శనివారం పొద్దున నేను చీర మార్చుకుని బయటికి వస్తుంటే మా ఆయన అడ్డం నిలబడ్డాడు. "మళ్ల బళ్లారా? ఊరోళ్ల పిల్లోళ్లని గూడా చెడగొట్టేకి పోతాండావా? మన పేరు ఏం గావల్ల?" అన్నాడు. మన పేరు స్టేషన్లో కాగితం కింద ఉంది, కడుపునొప్పి అబద్ధమని గంగక్కకు చెప్పినా, అన్నాను. ఆయన పక్కకు జరిగాడు. మా అత్త వంటింట్లోంచి, ఎరువు కోసం చేలో గొర్రెల మంద పెట్టేవాళ్లు మధ్యాహ్నం వస్తారు, వాళ్లకు ఎవురు వండేదని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు నేనే. బియ్యం డబ్బాలో ఉండాయి అత్తా, అని చెప్పి చెప్పులు వేసుకున్నాను.

బళ్లారిలో బెంచీ అదే. చంద్రిక మేడం బయటికి వచ్చింది. ఈశ్వరిని పేరు పెట్టి పిలిచి లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది. గంగక్క ఆ తలుపును చూసీ చూసీ, లోపల ఏం మాట్లాడుకుంటారమ్మా అని మెల్లగా అడిగింది. అది మనం అడిగేది కాదు గంగక్కా, అపాయం ఉంటే వాళ్లే మనకు చెప్తారు, అన్నాను. నా కడుపులో మంట ఇప్పుడూ ఉంది. కానీ అది ఆ తలుపు మీద కాదు. ఆ తలుపు దాకా పిల్లలను రానివ్వని వాకిళ్ల మీద. అందులో నా వాకిలి మొదటిది.

గంట తర్వాత ఈశ్వరి కొత్త నోట్సు గుండెకు ఆనించుకుని వచ్చింది. "పంతొమ్మిది వచ్చినాయి టీచర్" అంది, ఫెయిలైనట్టు.

"ఈడ మార్కులు తగ్గితేనే పాస్" అన్నాను.

ఆ మాట ఎవరిదో ఆమెకు చెప్పలేదు. కొంచెం నవ్వింది.

నిన్నటితో ఈశ్వరికి ఐదు వారాలు అయ్యాయి. మార్కులు పద్నాలుగు. మధ్యలో ఒక వారం పెరిగాయి, అలా జరుగుతుంది, భయపడొద్దన్నారు. కూలి మానుకోలేని వారం గంగక్క రాదు, నేను పోతాను. ఆ నోట్సు ఒక్కసారి కూడా నా చేతికి తీసుకోలేదు. ఇంకా తొమ్మిది వారాలు ఉన్నాయి. వాన పడినా పోతాం.

స్టేషన్లో జూన్ నెల కాగితాల్లో ఒక తెల్ల కాగితం ఉంది. మా అమ్మాయి ఎందుకు చనిపోయిందో అందులో నా దస్తూరిలో రాసి ఉంది. ఆ కాగితాన్ని నేను ఇంకా దిద్దలేదు.